బొమ్మ ఒకచోట, పేరు ఒకచోట: పాత విశాఖ జిల్లా ఫోటోల సంగతి

మన నెలవారీ సమావేశాలకు వచ్చే మిత్రులు ఈ మధ్య తరచుగా నన్నొక ప్రశ్న అడుగుతున్నారు. ఇంట్లో మనవడో మనవరాలో సెల్‌ఫోను తెచ్చి, "తాతయ్యా, ఇది మన వైజాగేనట, నిజమేనా?" అని ఏదో నూరేళ్ళ నాటి ఫోటో చూపిస్తారు. అందులో కొండలు, అడవి, చెవులకు భుజాలదాకా వేలాడే ఇత్తడి తీగ చుట్లు పెట్టుకున్న ఆడవాళ్ళు ఉంటారు. కింద ఇంగ్లీషు అక్షరాల్లో "వైజాగపటం" అని ఉంటుంది. సముద్రం కనబడదు, డాల్ఫిన్ నోస్ కొండ కనబడదు. ఇది మన పట్నం ఎలా అవుతుందని వారి సందేహం. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా బతుకు వెళ్ళదీసినవాణ్ణి గనుక జిల్లా సరిహద్దుల సంగతి నాకు తెలిసే ఉంటుందని నమ్మకం. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ప్రత్యేక సంచికలో రాస్తే అందరికీ అందుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు జిల్లా సంగతి. ఆ ఫోటోల కింద ఉన్న పేరు చాలాసార్లు ఊరిది కాదు, జిల్లాది. ఆ జిల్లా కూడా మనం ఉద్యోగాలు చేసిన జిల్లా కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో అన్నిటికన్నా పెద్ద జిల్లా అది. విస్తీర్ణం 17 వేల చదరపు మైళ్ళ పైచిలుకు. 1901 జనాభా లెక్కల్లో సుమారు 29 లక్షల జనం. ఇటు ఎలమంచిలి, నర్సీపట్నం మొదలు అటు బొబ్బిలి, పాలకొండ దాకా మైదానం. దాని పైన జయపురం సంస్థానమంతా, అంటే ఇప్పుడు ఒడిశాలో ఉన్న కొరాపుట్, నవరంగ్‌పూర్, రాయగడ, మల్కన్‌గిరి ప్రాంతాలన్నీ. వీటన్నిటికీ కలిపి ఒకే కలెక్టరు, ఆయన కచేరీ మన విశాఖపట్నంలో. కొండ ప్రాంతాలను 1839 నాటి చట్టంతో మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరు గారి ఏజెంటుగా నియమించారు. "ఏజెన్సీ" అన్న మాట మన నోళ్ళలో పడింది అలాగే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు జయపురం వైపంతా అటు వెళ్ళిపోయింది. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా విడిపోయాయి. 1979 పంపకం నాకు బాగా జ్ఞాపకం. రికార్డు గదిలో కట్టలు విప్పి, ఏ ఊరి కాగితం ఏ జిల్లాకు పోవాలో విడదీసి, మళ్ళీ గుడ్డల్లో మూటలు కట్టి, జాబితాలు రాసి పంపే పని మాబోటి గుమాస్తాల మీదే పడింది. ముక్కుల్లో దుమ్ము చాన్నాళ్ళు వదల్లేదు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు కూడా వచ్చాక, విశాఖపట్నం జిల్లా అంటే పట్నమూ దాని చుట్టుపక్కల నాలుగు మండలాలూ మాత్రమే మిగిలింది. కాబట్టి మనవడు చూపించిన ఫోటోలోని అమ్మాయి అరకు దగ్గరి పిల్ల కావచ్చు, ఇప్పుడు ఒడిశాలో ఉన్న కొండమీది పిల్లా కావచ్చు. ఫోటో అబద్ధం కాదు. కింద రాసిన జిల్లాయే ముక్కలైపోయింది.

ఇక ఈ ఫోటోలు ఎవరు తీశారు, ఎందుకు తీశారన్నది. కెమెరా మన దేశానికి తొందరగానే వచ్చింది. గవర్నరు జనరలు కానింగ్ దొర, ఆయన భార్య ముచ్చటపడి ఈ దేశపు జనాల ఫోటోలు పోగుచెయ్యాలనుకున్నారు. ఈలోగా 1857 వచ్చిపడింది. ఆ తిరుగుబాటు తరువాత ముచ్చట కాస్తా సర్కారు పని అయింది. ఏలవలసిన జనం ఎవరెవరో, ఎవరిని నమ్మవచ్చో, ఎవరిని నమ్మరాదో తెలియాలి కదా. "ది పీపుల్ ఆఫ్ ఇండియా" పేరుతో 1868 నుంచి 1875 వరకు ఎనిమిది సంపుటాలు లండన్‌లో వెలువడ్డాయి. 460కి పైగా ఫోటోలు. అప్పటికి ఫోటోను పుస్తకంలో అచ్చువేసే వసతి సరిగా లేదు. ప్రతి ప్రతిలోనూ ఫోటోలను చేత్తో అంటించారు. అందుకే వేసినవి రెండు వందల ప్రతులే.

మన జిల్లాకు సంబంధించినంతవరకు ముఖ్యమైనవాడు ఎడ్గార్ థర్‌స్టన్. 1885లో మద్రాసు మ్యూజియానికి సూపరింటెండెంటుగా వచ్చాడు. 1901లో భారత ప్రభుత్వం జాతుల సర్వే తలపెట్టినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ బాధ్యత ఆయనకే అప్పగించారు. దాని ఫలితం 1909లో అచ్చయిన ఏడు సంపుటాల "కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా". సెల్‌ఫోన్లలో తిరిగే పాత ఫోటోలు కొన్ని అందులోవే. ముఖపత్రంలో ఆయన పేరు కింద చిన్న అక్షరాలతో "సహాయం: కె. రంగాచారి" అని ఉంటుంది. లోపలికి పోతే విశాఖ జిల్లా కులాల మీద వివరాలు చాలావరకు సి. హయవదనరావు గారు సేకరించి ఇచ్చినవని థర్‌స్టన్ ఎక్కడికక్కడే చెప్పాడు. ఊళ్ళు తిరిగి నోటు రాసింది మనవాళ్ళు, పైన సంతకం దొరగారిది. ఈ పద్ధతి మన పాఠకులకు నేను వివరించనక్కరలేదు.

థర్‌స్టన్ కెమెరా ఒక్కటే పట్టుకుని తిరగలేదు. పుర్రె కొలిచే పరికరం, ఎత్తు కొలిచే కొయ్య కూడా వెంట ఉండేవి. ముక్కు వెడల్పును ముక్కు పొడవుతో భాగించి నూరుతో గుణిస్తే ఒక అంకె వస్తుంది. ఆ అంకెను బట్టి మనిషి ఏ జాతివాడో, ఏ అంతస్తువాడో తేల్చవచ్చని ఆ కాలపు దొరల నమ్మకం. ఈ సిద్ధాంతాన్ని తరువాతి శాస్త్రజ్ఞులు చెత్తబుట్టలో వేశారు. కానీ ఫోటోలు ఎదుటి నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తియ్యడానికి కారణం అదే. పోలీసు స్టేషన్లో తీసే ఫోటోల్లా ఉంటాయి అవి.

ఆయన వచ్చాడంటే జనం ఎలా పరుగు తీసేవారో ఆయనే తన పీఠికలో సరదాగా రాసుకున్నాడు. వైనాడులో పణియ స్త్రీలు తమను పట్టుకుపోయి గడ్డి కుక్కి మ్యూజియంలో నిలబెడతాడని పారిపోయారట. నీలగిరుల్లో ఏదో పాత చిన్న నేరం కేసులో పోలీసులు వెతుకుతున్న మనిషి ఒకడు ఎత్తు కొలిచే కొయ్యను చూసి ఉరికంబమనుకుని కొలవనివ్వలేదట. షెవరాయ్ కొండల్లో ఈయన తమ భూములు సర్కారుకు కలుపుకుని తమను అండమాను పంపడానికి వచ్చాడని పుకారు. చదువుతుంటే నవ్వు వస్తుంది. కానీ నాకు అనిపించేదేమంటే, ఆ జనం అమాయకులు కారు. సర్వే గొలుసు ఊళ్ళోకి వచ్చిన మర్నాడు శిస్తు పెరుగుతుందని వాళ్ళకు అనుభవం మీద తెలుసు. సర్కారు మనిషి ఏదైనా కొలుస్తున్నాడంటే దాని వెనక ఏదో ఒకటి వస్తుంది. నేను నౌకరీలో చేరిన కొత్తలో ఊళ్ళోకి వెళితే మా చేతి సంచుల వంక జనం చూసిన చూపు కూడా అదే. (ఈనాడు లైఫ్ సర్టిఫికెట్టు కోసం వేలిముద్ర మిషను ముందు కూర్చుని, అరిగిపోయిన వేళ్ళను అది గుర్తుపట్టక అవస్థ పడే మన సభ్యులకు ఆ చూపు అర్థమవుతుంది.)

ఫోటోల దగ్గరికి వద్దాం. ఆ పుస్తకం రెండో సంపుటంలో గదబల బొమ్మలున్నాయి. చెవులకు వేలాడే ఇత్తడి తీగ చుట్ల గురించి ఇందాక చెప్పాను. ఒంటి మీద చారల గుడ్డ. దాన్ని కెరంగ్ అంటారు. చెట్ల నారతో ఆడవాళ్ళే నేసుకునేవారు. ఎరుపు, నీలం, తెలుపు చారలతో ఉండే గుడ్డ అది. ఫోటోలో చూస్తే మాత్రం నలుపు తెలుపులే.

ఇక్కడ ఒక కిటుకు ఉంది, ఇది తెలిస్తే పాత ఫోటోలను చూసే తీరే మారిపోతుంది. ఆ కాలపు గాజు ప్లేట్లకు ఎరుపు రంగు తెలియదు. నీలం మరీ ఎక్కువ తెలుస్తుంది. అందుచేత ఎర్ర చార నల్లగా పడుతుంది, నీలం చార పాలిపోయి తెల్లగా పడుతుంది. మన ఒంటి చాయలో ఎరుపు పాలు ఉంటుంది కనుక మనుషులు కూడా ఉన్నదానికన్నా బాగా నల్లగా పడ్డారు. పసుపు రాసుకున్న ముఖం మసకబారింది. "మన పూర్వీకులు ఇంత నల్లగా ఉండేవారా" అని పిల్లలు అడుగుతారు; లేరు, అది ప్లేటు చేసిన పని. ముఖాలు చిట్లించుకుని కోపంగా ఉన్నట్టు కనబడడానికీ కారణం ఉంది. ఎండ బాగా ఉంటే తప్ప ఫోటో రాదు. ఎండకు ఎదురుగా నిలబెట్టి కదలవద్దంటే ఎవరి ముఖమైనా అలాగే ఉంటుంది. అంతకు ముందు తరం ఫోటోగ్రాఫర్ల పాట్లు ఇంకా ఎక్కువ. గాజు పలకకు మందు పూసి, తడి ఆరేలోపల ఫోటో తీసి, అక్కడికక్కడే చీకటి గుడారంలో కడగాలి. నీళ్ళు, మందుసీసాలు, గాజు పలకలు, గుడారం అన్నీ కూలీల తలమీద కొండెక్కాలి. ఘాట్ రోడ్డు మీద కారులో అరకు చేరే మనకు ఆ బరువు ఊహకు అందదు.

ఆ బరువు మోసినవారు ఎవరు? గదబలలో కొందరికి పల్లకీ మొయ్యడం వృత్తి. దాని మీద 1907 నాటి విశాఖ జిల్లా గెజిటీరులో ఫ్రాన్సిస్ దొర ఒక తమాషా రాశాడు. గదబలు గుర్రాన్ని ముట్టుకోరట. ఎందుకంటే అది తమ పొట్టకొట్టే పోటీదారు, బండివాడికి మోటారుకారు ఎలాగో వీళ్ళకు గుర్రం అలాగ అని. చమత్కారం బాగానే ఉంది. కానీ అదే కొండల్లో సర్కారు వాళ్ళు వస్తే సామాను ఊరికే మోయవలసిన వెట్టి ఉండేదన్నది ఏ ఫోటోలోనూ పడలేదు. గూడెం కొండల్లో సరైన కూలి ఇవ్వకుండా రోడ్డు పని చేయించడం, అడవి మీద ఆంక్షలు, ఇవన్నీ కలిసి ముదిరి 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు గారి దళం దాడులకు దారితీశాయి. థర్‌స్టన్ పుస్తకం వచ్చి అప్పటికి పదమూడేళ్ళు. ఆ ఏడు సంపుటాలు తిరగేసినవారికి ఇలాంటిది రాబోతోందని ఎక్కడా అనిపించదు.

మైదానం సంగతి మరోలా ఉంది. చోడవరం రైతు, అనకాపల్లి దగ్గర చెరుకు గానుగ ఆడించే కాపు, గోగునార నానబెట్టుకునే మనిషి, వీళ్ళకోసం ఎవరూ ప్లేట్లు ఖర్చుపెట్టలేదు. వింతగా కనబడినవారి వైపే కెమెరా ఎక్కువగా తిరిగిందని నా అభిప్రాయం. మన ఉత్తరాంధ్రలో తాటాకు కప్పిన చుట్టిళ్ళు, ఏతాలు, కావిళ్ళు, తాటాకు గొడుగులు పాత ఫోటోల్లో కనబడితే అవి వెనక, మూలన, అనుకోకుండా పడినవే. అందుకే ఎప్పుడు పాత ఫోటో చూసినా నేను మనిషిని చూశాక వెనక ఏముందో చూస్తాను. ఫోటో తీసినవాడు తియ్యాలనుకోనిది అక్కడే ఉంటుంది. తీరం వైపు కొంత నయం. 1933 అక్టోబరు 7న "జలదుర్గ" అనే ఓడ మన రేవులోకి వచ్చేవరకు ఓడలు దూరాన సముద్రంలోనే లంగరు వేసేవి. మనుషులనూ సరుకునూ అలల మీదుగా ఒడ్డుకు చేర్చినవి మసులా పడవలు. ఇనుప మేకు ఒక్కటి లేకుండా కొబ్బరితాడుతో పలకలు కుట్టిన పడవలవి. అల కొడితే వంగుతాయి తప్ప విరగవు. తెల్లవాళ్ళందరూ వాటిలోంచే దిగాలి కనుక వాటి ఫోటోలు దండిగా తీసుకున్నారు.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఫోటోలన్నిట్లో నన్ను బాధపెట్టేది ఒకటే. కింద "గదబ", "ఖోండు", "సవర" అని జాతి పేరు ఉంటుంది కానీ మనిషి పేరు ఉండదు. ధాత కరువులో, అంటే 1876-78లో, హూపర్ అనే సైనికాధికారి మద్రాసు ప్రాంతంలో తీసిన ఫోటోలు ఉన్నాయి. ఎముకల గూళ్ళను వరుసగా కూర్చోబెట్టి తీశాడు. చూడలేము. వాళ్ళలో ఒక్కరి పేరూ మనకు తెలియదు. పేరు రాయడానికి ఎంతసేపు పడుతుంది? దుబాసీ పక్కనే ఉన్నాడు, నోటుపుస్తకం ఉంది, ముక్కు కొలత మిల్లీమీటర్లలో రాసుకున్నారు.

ఇలా కాకుండా చేసినవాడు ఒకడున్నాడు కనుకే ఈ మాట అనగలుగుతున్నాను. ఆయన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్, ఆస్ట్రియా దేశస్థుడు. 1939లో మన దేశంలో ఉండగా యుద్ధం వచ్చింది. జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందుకు శత్రుదేశస్థుడి కింద లెక్కకట్టి, చివరకు హైదరాబాదు సంస్థానంలో ఉండనిచ్చారు. 1940 నుంచి చెంచులు, గోదావరి వైపు కొండరెడ్లు, ఆదిలాబాదు గోండుల మధ్య కాపురమున్నాడు. మన పాత జిల్లా కొండలకూ వచ్చి గదబల, బోండాల సంగతులు రాసుకున్నాడు. గోండి భాష నేర్చుకుని మార్లవాయి అనే ఊళ్ళో గుడిసె వేసుకున్నాడు. ఆయన ఫోటోలు లండన్‌లో సోయాస్ అనే విద్యాలయం గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఊరి పేరు, అక్కడక్కడ మనిషి పేరు కూడా ఉన్నాయి: ఫలానా పటేలు, ఫలానావారి పెళ్ళి, ఫలానా ఊరి పండగ. ఆ ఒక్క తేడాతో అవి ఎక్కడో ఉన్న ఫోటోలు కాకుండా పోయాయి. ఆ ఊరి కుర్రవాడు ఇవాళ వాటిని చూస్తే మా తాత అనగలడు. ఆయన భార్య బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఊరివారు ఏటా జనవరిలో అక్కడ చేరి వారిద్దరినీ స్మరించుకుంటారు. థర్‌స్టన్ పేరు మీద మన కొండల్లో ఎవరూ దీపం పెట్టినట్టు నేను వినలేదు.

మరి పేర్లు ఎక్కడా లేవా అంటే ఉన్నాయి, అవి మన దగ్గర ఉన్నాయి. ఇది గుమాస్తాకు తప్ప మరొకరికి తట్టే విషయం కాదు కాబట్టి కొంచెం విడమర్చి చెబుతాను. విశాఖ జిల్లాలో ఎక్కువ భాగం జమీందారీ. విజయనగరం, బొబ్బిలి వగైరా. సర్కారుకు కావలసింది పేష్కషు కట్టే జమీందారు పేరు. దున్నేవాడి పేరు జమీందారీ కచేరీ లెక్కల్లో ఉంటే ఉంది, లేకపోతే లేదు. 1948లో 26వ చట్టం వచ్చి ఎస్టేట్లు రద్దయ్యాక, ఊరూరా సర్వే చేసి, సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగళ్ళు తయారుచేశారు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఎదురుగా రైతు పేరు, తండ్రి పేరు. చాలా ఊళ్ళలో మామూలు రైతు పేరు సర్కారు పుస్తకంలోకి ఎక్కింది అప్పుడే. ఆ పుస్తకాలు నేను ఏళ్ళ తరబడి విప్పాను, మూశాను. వేల పేర్లు ఉన్నాయి. ఒక్క ముఖం లేదు.

ఈ వెలితి నాకు తెలిసివచ్చింది ఉక్కు ఫ్యాక్టరీ భూసేకరణలో. 1966 ఉద్యమం, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ గారి శంకుస్థాపన మన అందరికీ తెలిసినవే. అరవైకి పైగా ఊళ్ళు ఖాళీ చెయ్యవలసి వచ్చింది. ఆ రోజుల్లో కొన్నాళ్ళు భూసేకరణ పనిలో జూనియరు గుమాస్తాగా తిరిగాను. మీసాలు కూడా సరిగా రాని వయసు. ఇంటికి వెళ్ళి ఇల్లు, పశువులశాల, నుయ్యి, తాటిచెట్లు ఎన్ని, మామిడిచెట్లు ఎన్ని, కాపు ఎంత, అన్నీ రాసుకునేవాళ్ళం. ఒక ఊళ్ళో ఒక ముసలాయన మా వెనకే తిరిగి అన్నీ చూసి చివరకు అడిగాడు: "నా పేరు రాసుకున్నారు, నా ఇల్లు రాసుకున్నారు. ఈ రావిసెట్టు ఎవల పేరన రాత్తారు బాబూ?" ఆ చెట్టు గ్రామకంఠంలో ఉంది, పోరంబోకు. ఎవరి పేరనా రాయడానికి కాలమ్ లేదు. మా అధికారి ఏమీ అనకుండా చెట్టు కింద కాసేపు కూర్చుని లేచాడు. ఆ ఊరు ఇప్పుడు లేదు. దాని జనం వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ కాలనీల్లో సర్దుకున్నారు. అవార్డు కాగితాల్లో తాటిచెట్ల లెక్కతో సహా అంతా ఉంది, కానీ ఊరు ఎలా ఉండేదో చూపించే ఫోటో ఒక్కటి ఆ ఫైల్లో లేదు. కొండమీది గదబ పిల్ల బొమ్మ లండన్‌లో ఉంది, పేరు లేదు. ఈ రైతు పేరు మన రికార్డు గదిలో ఉంది, బొమ్మ లేదు.

రెండూ ఒక్కచోట కలవడం నేను చూసింది 1990ల్లో, శేషన్ గారి పుణ్యమా అని ఓటరు కార్డులకు ఫోటోలు తీసినప్పుడు. ఏజెన్సీలో ఒక బడి వరండాలో గుడ్డ కట్టి, జనాన్ని వరుసలో నిలబెట్టాం. పక్కన పేర్లు సరిచూసే పని నాది. ఆడవాళ్ళు చాలామందికి అదే మొదటి ఫోటో. ఒక అవ్వ బల్ల మీద కూర్చోనని మొండికేసింది. ఫోటో అంటే భయమేమోననుకున్నాం. భయం కాదు. "బొమ్మ తీసుకోండి బాబూ. దాని కింద నా పేరే పడతాదా, ఇంకోలి పేరు పడతాదా? అది సెప్పండి ముందు" అంది. చదువు రాదు. జాబితాలో ఆమె పేరు మీద వేలుపెట్టి రెండుసార్లు చదివి వినిపించాక కూర్చుంది. ఎన్ని కార్డుల్లో ఒకరి బొమ్మ కింద ఒకరి పేరు పడిందో తరువాత అందరం చూశాం. అవ్వ అడిగింది సరైన ప్రశ్నే.

ఇక మన ఇళ్ళలో ఉన్న ఫోటోల మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు మన సభ్యులు ఎందరి ఇళ్ళలో ఆల్బములు తడిసి ముద్దయ్యాయో నాకు తెలుసు. కిటికీలు ఎగిరిపోతుంటే ఆల్బము ఎవరికి గుర్తొస్తుంది? మిగిలినవాటినైనా బీరువా పైనుంచి దించి చూడండి. వెనక ఏమని రాసి ఉంటుంది? "అమ్మ, పిన్ని, నేను – సింహాచలం." ఆ నేను ఎవరు? రాసినవారు వెళ్ళిపోయాక ఆ ఫోటోలో ఉన్నది ముగ్గురు ఆడవాళ్ళు మాత్రమే. థర్‌స్టన్ రాసినదానికి దీనికి తేడా లేదు. ఇంటిపేరుతో సహా పూర్తిపేరు, ఊరు, సంవత్సరం రాయండి. మెత్తటి పెన్సిలుతో, అంచున, అదిమిపట్టకుండా రాయండి. బాల్‌పెన్ను వాడితే గీత ముఖం మీదకు తేలుతుంది. జిగురు పూసిన ఆల్బముల్లో ఇరుక్కున్నవాటిని బలవంతంగా పీకవద్దు, ఉన్నచోటనే సెల్‌ఫోనుతో ఫోటో తీయించండి. మనలో చాలామందికి భార్యాభర్తలు కలిసి దిగిన మంచి ఫోటో పెన్షను కాగితాలకు జతపరచిన జాయింటు ఫోటో ఒక్కటే. దాని కాపీ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. మా ఇంట్లో గోడమీద ఉన్నది కూడా అదే. నేను కళ్ళు మూశాను, మా ఆవిడ మాత్రం బాగా పడింది.

గత సమావేశానికి ఒక సభ్యుడు, ఉక్కు ఫ్యాక్టరీ కింద పోయిన ఊరివారే, తమ ఇంట్లో మిగిలిన ఒక పెళ్ళిఫోటో తెచ్చారు. 1960ల నాటిది, గాజువాక వైపు నుంచి ఫోటోగ్రాఫరును పిలిపించి రాత్రిపూట ఊరేగింపులో తీయించినది. ఆ ఊరివారు మన సంఘంలో నలుగురైదుగురు ఉన్నారు. ఫోటో చేతికి రాగానే ఎవరూ పెళ్ళికొడుకును చూడలేదు. "ఇది రామమందిరం అరుగు కదూ", "ఈ చుట్టిల్లు మా పెదనాన్నది", "ఆ నుయ్యి గట్టు మీద కూర్చున్నవాడు మా బావ" అని మొదలుపెట్టారు. మధ్యాహ్నం భోజనాలు చల్లారిపోయాయి. పెళ్ళికూతురు ఇప్పుడు ఎనభై దాటిన ముత్తవ్వ, సభ్యుడి తల్లి. ఆమెకు ఫోను చేసి అడిగి సరిచూసుకున్నాం. పదకొండుమంది పేర్లు తేలాయి. ఒక తెల్లకాగితం మీద వరుసగా రాసి ఫోటోతో పాటు కవరులో పెట్టాం. పెళ్ళికూతురి పక్కన పెట్రోమాక్సు దీపం తలమీద పెట్టుకుని నిలబడిన పది పన్నెండేళ్ళ కుర్రాడి పేరు మాత్రం ఎవరికీ, ఆమెకు కూడా, గుర్తు రాలేదు. వెలుగు దీపం మీద పడి సగం ముఖమే కనబడుతోంది. ఫోటో కాపీ సంఘం కార్యాలయంలో ఉంది. ఆ వైపు ఊళ్ళవారు ఎవరైనా వచ్చి చూసి, ఆ కుర్రాణ్ణి గుర్తుపడితే పేరు, ఇంటిపేరు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.